బండి దగ్గర డెబ్బై... ఇంట్లో ఎంత?

బయటి తిండి చవకా? ఇంటి వంట చవకా? నలుగురున్న ఇంటికి ఒక జవాబు, ఒంటరి గదికి ఇంకో జవాబు వస్తుంది. రెండు చోట్లా మనం రాయకుండా వదిలేస్తున్న ఖర్చు మాత్రం ఒకటే.

ఇంట్లో వండుకుంటే చవక అన్న మాటను మనం లెక్క వేయకుండానే నమ్ముతాం. బయట తింటే డబ్బులు తగలేసినట్టేనని పెద్దవాళ్లు అంటారు. ఈ రేట్లకు వండుకోవడం దండగ, బండి మీద తిన్నా అంతే అవుతుందని పిల్లలు అంటారు. రెండు మాటలూ ఒకే ఇంట్లో, ఒకే పూట వినిపిస్తాయి. కాగితం మీద లెక్క రాసి చూపించేవాళ్లే కనపడరు. ఈ వారం ఆ లెక్క రాద్దాం.

ముందు బండి దగ్గరికి వెళ్దాం. మన ఊళ్లలో ఫాస్ట్‌ఫుడ్ అనగానే గుర్తొచ్చేది సాయంత్రమయ్యేసరికి రోడ్డు పక్కన వెలిసే నూడుల్స్ బండి. హైదరాబాద్‌లో కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట సందుల్లో రాత్రి ఏడున్నర దాటితే పది అడుగులకొకటి కనిపిస్తుంది. మండల కేంద్రంలోనూ బస్టాండు దగ్గర ఒకటో రెండో ఉంటాయి. మధ్యాహ్నమే పలుకు మీద వార్చి ఆరబెట్టిన అన్నం ఒక పెద్ద బేసిన్‌లో, సన్నగా తరిగిన క్యాబేజీ, క్యారెట్ ఇంకో బేసిన్‌లో సిద్ధంగా ఉంటాయి. పక్కనే గుడ్ల అట్టలు, సోయా సాస్, చిల్లీ సాస్, వెనిగర్ సీసాలు, ఒక డబ్బాలో టేస్టింగ్ సాల్ట్. "అన్నా, రెండు ఎగ్ ఫ్రైడ్ రైస్, ఒకటి పార్సిల్" అనగానే కడాయిలో రెండు గరిటెల నూనె పడుతుంది. గుడ్లు కొట్టి పోసి, చెదరగొట్టి, కూర ముక్కలు వేసి, పెద్ద మంట మీద అన్నం ఎగరేస్తాడు. ఐదు నిమిషాలు తిరక్కుండా ప్లేటు చేతికొస్తుంది. డెబ్బై రూపాయలు. కొన్ని చోట్ల అరవై, కొన్ని చోట్ల తొంభై.

ఆ ప్లేటులో ఏముందో చూడండి. నూట యాభై గ్రాముల బియ్యం, రెండు గుడ్లు, గుప్పెడు క్యాబేజీ, నూనె, సాసులు. ఇవన్నీ కలిపి ముప్పై, ముప్పై ఐదు రూపాయలకు మించవు. మిగిలిన దాంట్లోంచే గ్యాసు, పార్సిల్ డబ్బాలు, సాయంగా పెట్టుకున్న కుర్రాడి కూలి, బండి నిలిపినందుకు అయ్యే ఖర్చు, ఆ మనిషి ఇంటి అద్దె రావాలి. పొద్దున్నే మార్కెట్టుకు వెళ్లి అర్ధరాత్రి కడాయి తోమేదాకా అతని పని అవదు. కాబట్టి మనల్ని దోచుకుంటున్నాడనడానికి లేదు. చవకగానే పెడుతున్నాడు. ఎలా పెట్టగలుగుతున్నాడన్నది తర్వాత చూద్దాం.

నలుగురి ఇల్లు

ఇప్పుడు ఇంటికి వద్దాం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. రాత్రికి తోటకూర పప్పు, తలో ఉడికించిన గుడ్డు, అన్నం, పెరుగు. ఈమధ్య హైదరాబాద్ చిల్లర ధరలతోనే లెక్క వేస్తున్నాను, మీ ఊళ్లో అటూఇటూ ఉండొచ్చు. సోనామసూరి బియ్యం నాలుగు వందల గ్రాములు, కిలో 60 చొప్పున 24 రూపాయలు. కందిపప్పు నూట యాభై గ్రాములకు 20. తోటకూర రెండు కట్టలు 20. ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి, చింతపండు, పోపు సామాను అన్నీ కలిపి 12. నూనె 6. నాలుగు గుడ్లు 28. అర లీటరు పెరుగు 40. గ్యాసు సుమారు 12 వేసుకోవచ్చు. 14.2 కిలోల సిలిండర్ తొమ్మిది వందలనుకుని, నెలకు కాస్త అటుగా వస్తుందనుకుంటే ఒక పూట వాటా అంతే పడుతుంది.

మొత్తం 162. మనిషికి నలభై రూపాయలు. అదే నలుగురూ బండి దగ్గర తింటే 280. ఒక పూటకు తేడా 118 రూపాయలు. నెలంతా రాత్రి భోజనానికే చూస్తే మూడున్నర వేలు. అద్దె ఇంట్లో ఉండే కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు, ఒక పిల్ల ట్యూషన్ ఫీజు. అదే ఫ్రైడ్ రైస్ ఫోన్లో ఆర్డర్ పెడితే లెక్క ఇంకా పెరుగుతుంది. యాప్‌లో హోటల్ వేసుకునే ధర, ప్యాకింగ్, డెలివరీ, ఐదు శాతం జీఎస్టీ, పైన ప్లాట్‌ఫారమ్ ఫీజు. 2023లో రెండు రూపాయలతో మొదలుపెట్టిన ఆ ఫీజు రెండేళ్లు తిరిగేసరికి పది దాటింది.

ఇక్కడిదాకా పెద్దవాళ్ల మాటే గెలిచింది. అయితే ఈ లెక్కలో ఒక గడి ఖాళీగా ఉంది. తోటకూర గిల్లింది ఎవరు? కుక్కర్ పెట్టింది, పోపు వేసింది, తిన్నాక గిన్నెలు కడిగింది ఎవరు? ఈ పనంతటికీ గంటన్నర పడుతుంది. గంటకు వంద రూపాయలు వేసుకుందాం. నెలకు ఇరవై వేల జీతం వచ్చే మనిషి గంట విలువ దాదాపు అంతే. అప్పుడు పూటకు 150, నలుగురికీ పంచితే తలా ముప్పై ఏడున్నర. నలభై రూపాయల ఇంటి ప్లేటు ఒక్కసారిగా డెబ్బై ఎనిమిది అయింది. బండి ప్లేటు డెబ్బైకే వస్తోంది.

అంటే ఇంటి వంట చవక అని మనం అనుకుంటున్న దాంట్లో సగం చవకతనం ఒక మనిషి చేతి పనికి సున్నా వేయడం వల్ల వచ్చింది. ఆ మనిషి ఎవరో మన ఇళ్లలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. 2024లో కేంద్రం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు ఆ పనికే పెడుతున్నారు. మగవాళ్లు 88 నిమిషాలు. ఆ నిమిషాల్లో ఎక్కువ భాగం పొయ్యి దగ్గరే గడుస్తుందని వేరే సర్వే చేసి తేల్చాల్సిన అవసరం లేదు. ఇంటి భోజనం ఆరోగ్యం, పొదుపు అని బోధించే వ్యాసాలు ఈ సంఖ్యను దాటేసి వెళ్లిపోవడం నాకు ఎప్పుడూ అన్యాయంగానే అనిపిస్తుంది. ఆఫీసులో తొమ్మిది గంటలు పనిచేసి, మెట్రోలో నిలబడి ఇంటికొచ్చిన ఆడమనిషి ఒక రాత్రి నాలుగు పార్సిళ్లు తెప్పిస్తే ఆమె దుబారా చేసినట్టు కాదు. గంటన్నర విశ్రాంతిని 118 రూపాయలకు కొనుక్కుంది.

పప్పుకు పప్పు

కానీ డెబ్బై ఎనిమిదికీ డెబ్బైకీ పోటీ పెట్టడం కూడా సరైన లెక్క కాదు. ఇంటి కంచంలో పప్పుంది, ఆకుకూరుంది, పెరుగుంది. బండి ప్లేటులో ఆ మూడూ లేవు. పోలిస్తే మెస్సులో ప్లేట్ మీల్స్‌తో పోల్చాలి. పప్పు, కూర, సాంబారు, పెరుగుతో హైదరాబాద్‌లో ఓ మాదిరి మెస్ భోజనం వంద నుంచి నూట ముప్పై మధ్య ఉంది. అలా చూస్తే వండిన మనిషికి కూలి కట్టినా సరే, ఇంటి భోజనమే సుమారు ఇరవై నుంచి యాభై దాకా తక్కువ. నా లెక్కకు తేలిన మొదటి సంగతి ఇది. నలుగురున్న ఇంట్లో మంచి తిండి బయటికంటే ఇంట్లోనే చవక. కడుపు నింపుకోవడం ఒక్కటే లెక్కయితే బండి దాదాపు సమానంగా నిలబడుతుంది.

ఈ వాదన అమెరికాలో చాలాకాలంగా నడుస్తోంది. 2011లో న్యూయార్క్ టైమ్స్‌లో మార్క్ బిట్‌మన్ అనే వంటల రచయిత ఇలాగే లెక్క వేశారు. నలుగురి కుటుంబం మెక్‌డొనాల్డ్స్‌లో తింటే దాదాపు 28 డాలర్లు, కోడిని కాల్చి కూరగాయలతో ఇంట్లో తింటే 14 డాలర్లు. రెండేళ్ల తర్వాత హార్వర్డ్ పరిశోధకులు పది దేశాల అధ్యయనాలను కలిపి చూసి, ఆరోగ్యకరమైన తిండికి మనిషికి రోజుకు సుమారు ఒకటిన్నర డాలరు ఎక్కువ అవుతుందని తేల్చారు. పైకి రెండూ ఒకదానికొకటి విరుద్ధంగా కనిపిస్తాయి. బిట్‌మన్ హోటల్‌ను ఇంటితో పోల్చారు. హార్వర్డ్ వాళ్లు మంచి సరుకును నాసి సరుకుతో పోల్చారు. రెండో పోలిక మనకూ ముఖ్యమే. ఇంట్లో వండినంత మాత్రాన మంచి తిండి అయిపోదు. ఆవకాయ ముద్ద, నూనెలో వేగిన బంగాళదుంప, రెండు గరిటెల తెల్లన్నం కూడా ఇంటి వంటే.

మన హైదరాబాద్ తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రెండు వేల కేలరీల కంచానికి రోజుకు కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, తృణధాన్యాలు 250 గ్రాములు, పప్పు లేదా గుడ్లు, మాంసం 85 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, నూనె మొత్తం 27 గ్రాములు అని చెప్పింది. ఇప్పుడు బండి దగ్గర పడిన ఆ రెండు గరిటెలు గుర్తు చేసుకోండి. ముప్పై మిల్లీలీటర్లకు తక్కువ ఉండదు. రోజంతటి నూనె కోటా ఒక్క ప్లేటులో అయిపోయింది. నిజాయితీగా ఇంకో మాట కూడా చెప్పాలి. మాంసకృత్తుల దగ్గర బండి మరీ అన్యాయం చేయడం లేదు, ఆ రెండు గుడ్లు కాపాడుతున్నాయి. తేడా అంతా కూరగాయల దగ్గర, నూనె దగ్గర, ఉప్పు దగ్గర ఉంది. గుడ్డు లేని వెజ్ నూడుల్స్, గోబీ మంచూరియా తినేవాళ్లకు ఆ కాపుదల కూడా లేదు. అందులో ఎక్కువ భాగం మైదా, కార్న్‌ఫ్లోర్, మరిగిన నూనె.

మరిగిన నూనె సంగతి విడిగా చెప్పుకోవాలి. నూనె మళ్లీమళ్లీ మరిగితే అది పాడైందని చూపే పోలార్ పదార్థాలు అందులో పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనెను వాడకూడదని ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన 2018 జులై నుంచి అమల్లో ఉంది. బండి దగ్గర దాన్ని కొలిచేవాళ్లు ఎవరు? నల్లబడిన కడాయిని మన కళ్లతో చూసుకోవడమే. 2024 అక్టోబరులో హైదరాబాద్‌లో మోమోలు తిని పదుల సంఖ్యలో జనం ఆసుపత్రి పాలయ్యారు, ఒక మహిళ చనిపోయింది. ఆ వెంటనే పచ్చి గుడ్లతో చేసే మయొనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది. చవక తిండికి మనం కట్టే ధరలో ఇలాంటి రోజులు కూడా కలిసే ఉన్నాయి.

ఒంటరి గది లెక్క

అమీర్‌పేటలో కోచింగ్‌కు వచ్చిన కుర్రాడికి, గచ్చిబౌలిలో కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయికి పై లెక్క పనిచేయదు. ఒక్కరికి వండుకోవడం వేరే కథ. నలభై గ్రాముల పప్పు కుక్కర్‌లో పెడితే అడుగంటుతుంది. కొత్తిమీర కట్టలో సగం కుళ్లిపోతుంది. పాల ప్యాకెట్టు విరిగిపోతుంది. చిన్న సిలిండర్‌లో గ్యాసు కిలో లెక్కన చూస్తే పెద్దదానికంటే ప్రియం. బియ్యం, రెండు గుడ్లు, ఓ కూర, చిన్న పెరుగు కప్పు, పారేసిన దాని విలువ కూడా కలిపితే పూటకు అరవై అవుతుంది. దానికి గంట పని. ఇరవై వేల జీతం లెక్కన ఇంకో వంద. నూట అరవై పెట్టి వండుకునే బదులు డెబ్బై ఇచ్చి తినడం తెలివైన పనే. అలా తినేవాళ్లను బద్ధకస్తులనడం తప్పు. పైగా చాలా హాస్టళ్లలో, గదుల్లో పొయ్యి పెట్టనివ్వరు.

అయితే ఆ గదిలోనే నలుగురు చేరి వంతులు వేసుకుంటే మళ్లీ నలభై రూపాయల లెక్క తిరిగొస్తుంది. ఒకరు కూరగాయలు, ఒకరు వంట, ఒకరు గిన్నెలు. వారానికి ఒకరికి రెండు పూటలకు మించి వంట వంతు రాదు. మన ఊళ్ల నుంచి పట్నానికి చదువుకు వచ్చిన తరాలన్నీ ఇలాగే బతికాయి. ఇప్పుడు షిఫ్టులు కలవక, ఎవరి ఫోన్లో వాళ్లు ఆర్డర్ పెట్టుకునే వీలు వచ్చాక ఆ వంతులు సడలిపోయాయి.

ఈ రెండింటికీ మధ్య దారిగా వచ్చిందే కర్రీ పాయింట్. అన్నం ఇంట్లో వండుకుని, కూర, పప్పు బయట కొనుక్కోవడం. మూడు ప్యాకెట్లు 120, బియ్యం, పెరుగు, గ్యాసు కలిపి నలుగురికి 190 లోపే అవుతుంది. గుడ్లు తీసేసి చూస్తే ఇంటి వంటకంటే 55 రూపాయలు ఎక్కువ, గంట మిగిలింది. కర్రీ పాయింట్లు ప్రతి వీధిలోనూ ఎందుకు నిలబడ్డాయో ఈ ఒక్క లెక్క చెబుతుంది. నాకు మాత్రం ఇందులో ఒక లోటు కనిపిస్తుంది. సులువైన అన్నాన్ని మనం ఉంచుకుని, ఒంటికి బలమిచ్చే పప్పునూ కూరనూ బయటికి వదిలేశాం. ఆ ప్యాకెట్టులో పప్పెంత, నీళ్లెంత, ఏ నూనె వాడారన్నది మన చేతిలో లేదు. వీలైతే తిరగేయండి. పప్పు ఇంట్లో ఉడకనివ్వండి, కుక్కర్ విజిల్స్ వచ్చేదాకా పక్కన నిలబడక్కర్లేదు. బయట కొనాల్సి వస్తే వేపుడు ఒక్కటే కొనండి.

అన్నం చవక, ఆకుకూర ప్రియం

బండి మనిషి చవకగా ఎలా పెట్టగలుగుతున్నాడన్న ప్రశ్న మిగిలింది. బియ్యం, నూనె, మైదా, ఈ మూడింటి ధరా ప్రభుత్వాల కనుసన్నల్లో ఉంటుంది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యంతో మొదలుపెట్టి, 2025 ఉగాదికి తెలంగాణలో రేషన్‌ మీద సన్నబియ్యం ఇచ్చేదాకా మన రాజకీయాలన్నీ అన్నం చుట్టూనే తిరిగాయి. ఆకలి తీర్చిన ఆ పథకాలకు నమస్కారం పెట్టాల్సిందే. నూనె రేటు పెరిగితే కేంద్రం దిగుమతి సుంకం తగ్గిస్తుంది. మరి టమాటా? 2023 జులైలో మదనపల్లె మార్కెట్టులో టమాటా కిలో 200 దరిదాపుల్లోకి వెళ్లింది. ఆ నెల మన ఇళ్లలో పప్పులో టమాటా మాయమైంది. ఫ్రైడ్ రైస్‌లో టమాటా ఉండదు. బండి రేటు కదల్లేదు. మంచి తిండి ధర గాలిలో దీపంలా ఊగుతుంటే కడుపు నింపే తిండి ధర నిలకడగా ఉంటోంది. పేదింటి ఇల్లాలు దేన్ని నమ్ముకుంటుంది?

ఫలితం ఒంటి మీద కనిపిస్తోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం మంది మహిళలు, తెలంగాణలో 30.1 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. అదే సర్వేలో మహిళల్లో రక్తహీనత ఆంధ్రలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. కడుపు నిండుతోంది, ఒంటికి రక్తం పట్టడం లేదు. దీన్నంతా నూడుల్స్ బండి నెత్తిన వేయడానికి వీల్లేదు. ఇంటి కంచంలోనూ అన్నం కొండలా, కూర చుక్కలా ఉండటం కూడా ఈ పరిస్థితికి ఒక కారణం. అయినా కుటుంబాల ఖర్చు ఎటు పోతోందో కూడా చూడాలి. 2023-24 గృహ వినియోగ సర్వేలో పట్టణ కుటుంబం నెల ఖర్చులో 11.09 శాతం పానీయాలు, చిరుతిళ్లు, తయారుగా కొనే తిండికే వెళ్లింది. తిండి పద్దులో పాలు, కూరగాయలు, గుడ్లు, మాంసం వేటికీ అంత వాటా లేదు. పల్లెల్లోనూ 9.84 శాతంతో అదే పెద్ద పద్దు.

ఇక రోడ్డు మీద బతికే అడ్డా కూలీకి, ఆటో అన్నకు, ఆసుపత్రి బయట మంచం పట్టిన మనిషి కోసం కాచుకుని ఉన్న తోబుట్టువుకు ఇల్లా బండా అన్న ప్రశ్నే లేదు. వాళ్లకు పొయ్యి లేదు. హైదరాబాద్‌లో 2014 నుంచి ఐదు రూపాయల భోజనం నడుస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో తెరిచి, 2019లో మూసేసిన అన్న క్యాంటీన్లు 2024 ఆగస్టు 15న గుడివాడ నుంచి మళ్లీ మొదలయ్యాయి. మూడు పూటలకూ మనిషికి అయ్యే ఖర్చు 90 రూపాయలు, అందులో తినేవాళ్లు ఇచ్చేది 15. అంటే పూటకు ముప్పై రూపాయలకు, వండినవాళ్లకు కూలి కట్టి మరీ, వేడి భోజనం పెట్టొచ్చని తేలింది. నా కాగితం మీద ఇంటి వంటనూ, బండినీ రెండింటినీ ఓడించిన లెక్క ఇదొక్కటే. వందల మందికి ఒక్క పొయ్యి మీద వండితే గ్యాసు, సరుకు, మనిషి పని అన్నీ కలిసొస్తాయి. ప్రభుత్వం మారినప్పుడల్లా దీన్ని మూయడం, పేరు మార్చడం కాకుండా, ఆ కంచంలో ఆకుకూర, గుడ్డు పెంచి, సాయంత్రం షిఫ్టు ముగిసే చోట్ల తెరిచి ఉంచితే డెబ్బై రూపాయల ఫ్రైడ్ రైస్‌కు నిజమైన పోటీ అదే అవుతుంది.

మన ఇంటి సంగతి మాత్రం మన చేతిలోనే ఉంది. ఈ ఆదివారం రైతుబజారుకు వెళ్లొచ్చాక, వచ్చే వారం రాత్రి భోజనాల ఖర్చు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. బియ్యం, పప్పు, కూర, గ్యాసు అయ్యాక చివర ఇంకో వరుస గీయండి. ఆ పూట ఎవరు ఎన్ని నిమిషాలు పనిచేశారో పేరుతో సహా రాయండి. ఏడు రాత్రుల్లోనూ అక్కడ ఒకే పేరు ఉంటే మీ ఇంటి వంట చవక అని మాత్రం అనకండి. సోమవారం నుంచి కూర తరగడం ఎవరిదో, గిన్నెలు ఎవరివో మాట్లాడుకుని పంచుకోండి.